కొత్త చీర కొనకుండా బతుకమ్మ ఆడిన సంగతి

ఈసారి బతుకమ్మకు ఒక్క చీర కూడా కొనలేదు. శపథమేం పట్టలేదు. ఎండాకాలంలో చుట్టాల్లో రెండు పెళ్లిళ్లయ్యాయి, చేతిలో డబ్బు ఆడట్లేదు. పైగా ఒడిబియ్యం చీరలు, పెట్టుబడి చీరలు, బొట్టు పెట్టి చేతిలో పెట్టిన జాకెట్టు ముక్కలు అన్నీ కలిసి బీరువా తలుపు మూసుకోవడం మానేసింది. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఆడరు. మిగతా సాయంత్రాలన్నిటికీ బట్టలు చూసుకోవాలి. మా అపార్ట్‌మెంట్‌లో రోజూ ఫోటోలు తీసి గ్రూపులో పెడతారు. నిన్నటి చీర ఇవాళ కడితే ఎవరూ ఏమీ అనరు గానీ అందరూ చూస్తారు.

ఉన్నవన్నీ మంచం మీద పరిస్తే తేలిందేమిటంటే, నాకు చీరలకేం కరువు లేదు. కట్టకుండా మూలన పడ్డవాటిలో చాలావాటికి జాకెట్టు పట్టదు, అంతే. చీర కొన్ననాటిలాగే ఉంది, జాకెట్టు మాత్రం పెళ్లి నాటి కొలతల దగ్గరే ఆగిపోయింది. అందుకని చీరలు పక్కన పెట్టి ముందు జాకెట్ల పని పట్టుకున్నాను.

దసరా ముందు టైలర్ దగ్గరికి పాత జాకెట్టు తీసుకెళ్తే మన మొహం చూస్తాడు గానీ గుడ్డ వైపు చూడడు. ఇంట్లోనే విప్పాను. మంచి టైలరైతే పక్క కుట్టు దగ్గర లోపల కాస్త గుడ్డ వదిలి, రెండు మూడు వరసలు కుడతాడు. ఒంటి వైపున్న వరస బ్లేడుతో విప్పేస్తే బయటి వరస ఆపుతుంది, అటో అర అంగుళం, ఇటో అర అంగుళం వదులొస్తుంది. అయితే చంక దగ్గర ఆగిపోకూడదు. పక్క కుట్టే చేతిలోకీ సాగుతుంది కాబట్టి చేతి అంచు దాకా విప్పాలి, లేకపోతే నడుము దగ్గర హాయిగా ఉండి దండచేతి దగ్గర పట్టేస్తుంది. పట్టు గుడ్డ మీద పాత సూది బొక్కలు చుక్కల గీతలా కనిపిస్తాయి. గట్టిగా పిండిన పల్చటి నూలు గుడ్డ పైన వేసి ఇస్త్రీ చేస్తే కొన్ని పూడాయి. మిగిలినవి చంక కింద ఎవరు చూడొచ్చారు?

అలా బతికి బయటపడ్డవాటిలో మెరూన్ రా సిల్క్ జాకెట్టు, ఆకుపచ్చ బ్రొకేడ్ జాకెట్టు పండగంతా మోశాయి. చీర రంగు జాకెట్టే వెయ్యాలని ఎవరు పెట్టారో గానీ, మా అమ్మ తరంవాళ్లు అంచు రంగుకి కలిపేవాళ్లు. ఆ లెక్కన చూస్తే మెరూన్ అంచున్న చీర ఏదైనా ఒకే జాకెట్టుతో సరిపోతుంది. రంగు కలిసిందో లేదో మాత్రం బాల్కనీలో పగటి వెలుగులో చూడాలి. ట్యూబ్‌లైటు కింద ఒకటే అనిపించిన రెండు మెరూన్లలో ఒకటి ఇటుక వైపు, ఇంకోటి వంకాయ వైపు తేలాయి.

ఇంకో మాట, ఇది నా అభిప్రాయమే. బతుకమ్మ ఆడేచోట పసుపు చీర దండగ. మధ్యలో తంగేడు, బంతి, చామంతి పేర్చి ఉంటాయి, వాటి ముందు ఏ పసుపూ నిలవదు. ముదురు నీలం, చిలకపచ్చ, మెరూన్ అయితే దూరం నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనపడతాయి. ఉన్న రెండు పసుపు చీరల్నీ పొద్దున పూజకు కట్టేశాను.

నీలం పోచంపల్లి పట్టుచీర అంటే నాకు ప్రాణం. కుచ్చిళ్ల దగ్గర కింది అంచు నేలకు రాసుకుని వెలిసిపోయింది, అందుకే కట్టడం మానేశాను. అమ్మతో అంటే ఫోన్లోనే తేల్చేసింది. "మర్లేసి కట్టు బిడ్డా. పోచంపల్లికి ఏ పక్కయితేంది?" నిజమే. నేయకముందే పోగులకి ముడులు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి ఇక్కత్ పువ్వు రెండు వైపులా ఒకేలా పడుతుంది. పైగా ఈ చీరకి రెండంచులూ సమానం. నిలువుగా తిరగేస్తే కింది అంచు పైకి పోయి నడుములో దోపుడు కింద దాక్కుంది, ఎప్పుడూ నేల చూడని అంచు కిందికొచ్చింది. పైట మాత్రం ఉన్న చివరే ఉంది. ఫాల్ విప్పి రెండో అంచుకి చేత్తో కుట్టుకోవడమే పని. కంచి, ధర్మవరం చీరలకు ఈ ఉపాయం పనికిరాదు, జరీ బుటా వెనక పోగులు కనిపిస్తాయి.

ధర్మవరం మాటొచ్చింది కాబట్టి అత్తమ్మ చీర సంగతి కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి ఒకే మడతలో, కలరా ఉండల పక్కన పడుండి మడతల దగ్గర చీలింది, జరీ నల్లబడింది. కట్టడానికి పనికిరాదు. చీలికలన్నీ మడత గీతల మీదే ఉన్నాయి గనక, వాటి మధ్య గుడ్డ గట్టిగా ఉన్నచోట పలకలు పలకలుగా కత్తిరించి మా పాపకు లంగా కుట్టాను, లోపల నూలు లైనింగ్ వేసి. అత్తమ్మ ముందు ఊకోలేదు. "గంత మంచి చీరను కోస్తవా?" అని రెండు పూటలు మాట్లాడలేదు. తర్వాత ఆమే ఓణీ ఇచ్చింది. 2017లో మొదలుపెట్టి కొన్నేళ్లు సర్కారు పంచిన బతుకమ్మ చీరల్లో ఒకటి, సిరిసిల్ల మరమగ్గాల మీద నేసింది, ఇంకా మడత విప్పలేదు. పాలిస్టర్ జారుడు గుడ్డ, ఓణీకి బాగా కుదిరింది.

ఆడే రోజులకు బరువు చీర పెట్టుకోలేదు. వంగి లేచి చప్పట్లు కొడుతూ తిరగాలి, పోయేటప్పుడు చేతిలో పూల తాంబాళం కూడా ఉంటుంది. ఎంగిలిపూలకు గళ్ల నారాయణపేట నూలు చీర, అటుకుల నాడు గద్వాల. గద్వాల ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. చూసేవాళ్లకు పట్టుచీరే, మోసేవాళ్లకు నూలు చీర. లోపల నూలు లంగా కడితే ఏ చీరా జారదు, శాటిన్ లంగా మీద పిన్నులెన్ని పెట్టినా లాభం లేదు. అట్ల బతుకమ్మకీ వేపకాయల బతుకమ్మకీ ఒకే గద్వాల కట్టాను, ఒకసారి మెరూన్ జాకెట్టు, ఒకసారి ఆకుపచ్చ. ఎదురింటామె ఎక్కడ కొన్నావని అడిగింది. అంతకుముందే చూసిన చీర!

ఆయన సంగతి ఒక్క ముక్కలో తేలిపోయింది. తెల్ల లాల్చీ, నిరుటి పంచె.

సద్దుల నాడు నీలం పోచంపల్లి. పాప లంగా చూసి అత్తమ్మ తన పాత చీరని గుర్తుపట్టి, వచ్చినవాళ్లందరికీ అది తన పెళ్లినాటిదని చెప్పుకుంది.

దసరా వెళ్లాక పట్టువన్నీ నీడలో ఆరేసి, మడత మార్చి, పాత నూలు పంచె ముక్కల్లో చుట్టి పెట్టాను. కలరా ఉండలు వెయ్యలేదు, వేపాకు మూట ఒకటి అరలో పెట్టాను. దీపావళికి మళ్లీ నారాయణపేటే, ఉతికి గంజి పెట్టి సిద్ధంగా ఉంచాను. పాప అదే లంగా ఓణీ వేసుకుంటానంటోంది. పూజ అయ్యేదాకా సరే గానీ, టపాసుల దగ్గర ఆ సిరిసిల్ల ఓణీ వద్దన్నాను. నిప్పురవ్వ పడితే నూలైతే బొక్క పడుతుంది, ఆ గుడ్డైతే కరిగి ఒంటికి అంటుకుంటుంది. కాకరవత్తులు కాల్చడానికి నిరుటి నూలు చుడీదారు తీసి పెట్టాను.