అటక మీద ఎవరు?

నిన్న రాత్రి అటక మీద చల్లిన ముగ్గుపిండిలో పొద్దునకి అడుగులు పడ్డాయి. నిచ్చెన మీద నిలబడి ఫోను లైటు దగ్గరగా పెట్టి వేళ్లు లెక్కపెట్టాను. ముందు కాలికి ఐదు, వెనక కాలికీ ఐదే. పిల్లి అడుగులో నాలుగు వేళ్లే పడతాయి, గోళ్ల గీతలుండవు. ఎలుకకు ముందు కాళ్లకు నాలుగే, పైగా దాని పాదం ఇందులో పావు వంతు కూడా ఉండదు. కాబట్టి ఆ రెండూ కావు.

మాది కడపలో పాత మిద్దె. దూలాలు, దంతెలు, పైన బండలు, వంటింట్లో వెలుతురు కోసం కప్పుకు వదిలిన ఒక గవాక్షి. దాని పక్కనే అటక. కొన్నాళ్లుగా దీపాలు ఆర్పాక అక్కడ దబ్బుమని ఏదో దూకిన చప్పుడు, మళ్లీ తెల్లారుజామున అదే చప్పుడు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. మా ఆయన ఎలుకలేనని మందు పొట్లం తెచ్చారు. అత్త ఒప్పుకోలేదు. "ఎలుక గాదు మ్మే, ఎలుక అంత బరువుగా దూకుతాదా?" అంది. పక్కింటి పెద్దమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. "గుడ్లగూబ చేరినట్టుండాది పాపా, ఇంటికి మంచిది గాదు, పొగబెట్టి తరమండి."

ఎవరున్నారో తెలియకుండా మందు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఉడుత పగలు తిరిగి రాత్రి పడుకుంటుంది. పందికొక్కు నేలలో బొరియ తవ్వుకునేది, అటక దాని చోటు కాదు. గబ్బిలాలైతే చప్పుడు కన్నా ముందు రెట్టలే చెబుతాయి, వేళ్ల మధ్య నలిపితే పురుగుల రెక్కల పొడిగా రాలిపోతాయి. ఎలుక పెంటికలు గట్టిగా ఉంటాయి, అలా పొడి కావు. గుడ్లగూబ ఉంటే కింద అది కక్కిన ఉండలు దొరకాలి, వాటిలో ఎలుకల బొచ్చు, సన్న ఎముకలు ఉంటాయి. అవేవీ లేవు. (ఉన్నా పొగ పెట్టనిచ్చేదాన్ని కాదు. రాత్రంతా ఎలుకల్ని వేటాడే పక్షికి అరిష్టమనే పేరు పెట్టడం నాకెప్పుడూ బాధే.)

పిండి చల్లే ఆలోచన నాది కాదు, మన లంకమల అడవిది. 1900 తర్వాత ఎవరి కంటా పడని కలివికోడి అనే అరుదైన పక్షి 1986లో సిద్ధవటం వైపు మళ్లీ కనబడింది కదా. ఆ తర్వాత అది ఎక్కడెక్కడ తిరుగుతుందో తెలుసుకోవడానికి పరిశోధకులు పొదల మధ్య సన్నమట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే అడుగులు చూసేవాళ్లు. రాత్రిపూట తిరిగే ప్రాణిని బెదిరించకుండా పట్టుకునే ఆధారం అంతకన్నా ఏముంటుంది? నాకు మట్టి బదులు ముగ్గుపిండి దొరికింది.

అడుగుల తర్వాత మూలలో పెంట చూశాను. అంతా ఒకే చోట, నిండా గింజలు. నేరేడు గింజలు, ఈత గింజలు నమిలిన గుర్తే లేకుండా ఉన్నాయి. పండు గుజ్జు తిని గింజ వదిలేసింది. పాత చాట వెనకాల నించి సన్నగా కీచుమన్న పిల్లల గొంతులు వినబడగానే గబగబా దిగేశాను.

సాయంత్రం చీకటి పడ్డాక మిద్దె మీద నీళ్ల తొట్టి చాటున నేనూ అత్తా కూర్చున్నాం. గవాక్షిలోంచి ముందు ముక్కు వచ్చింది, తర్వాత మొహం, కళ్ల చుట్టూ నల్లగా, పక్కన తెల్లటి మచ్చలు. పొడుగాటి ఒళ్లు. బయటికొచ్చి ఒక్క క్షణం గాలి వాసన చూసి, వేపకొమ్మ మీదుగా చెట్టులోకి వెళ్లిపోయింది.

అత్త రెండు చేతులూ జోడించింది. "పునుగు పిల్లి మ్మే! స్వామికి తైలం ఇచ్చేది మనింటికొచ్చింది."

తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పూసే పునుగు తైలం గురించి ఆమె చెప్పింది. ఆ నమ్మకాన్ని నొప్పించకుండానే నేను చూసింది చెప్పాను. తైలమిచ్చే పునుగు పిల్లి తోకకు కట్లు కట్లుగా చారలుంటాయి, అది ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. మనం చూసినదాని తోక మొదలు నుంచి చివరిదాకా నలుపే, చారల్లేవు. కొమ్మల మీద నడిచింది. ఇది మానుపిల్లి, పునుగు పిల్లికి చుట్టం. అత్త కాసేపాలోచించి, "చుట్టమే కదా, ఉండనీ" అంది. ఆ మాటకు నా కడుపు నిండింది.

మానుపిల్లి పండ్లతో పాటు ఎలుకల్నీ తింటుంది. మందు తిన్న ఎలుకను ఇది తిని ఉంటే ఆ పిల్లలు అటక మీదే ఆకలికి చచ్చేవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టినా చంపినా నేరమని ఆయనకు చెప్పాను. ఆయన వాదించలేదు, పొట్లం తిరిగిచ్చి వచ్చారు.

గవాక్షికి ఇనుప జాలీ కొలతలు మాత్రం తీసుకున్నాం. పిల్లలు పెద్దవై తల్లి వెంట వెళ్లిపోయాకే బిగించడం. ఇప్పుడు మూస్తే తల్లి బయట, పిల్లలు లోపల. అటక మీద పెద్ద గంగాళం ఉంది, చవితికి కావాలంది అత్త. అప్పటికీ అవి పోకపోతే పెద్దమ్మ ఇంట్లో అడిగి తెస్తాను.