పాకలో తొట్టి ఖాళీగా ఉండాలి

"ఆయనను పశువుల తొట్టిలో పరుండబెట్టెను" (లూకా 2:7). లూకా ఈ తొట్టిని 7, 12, 16 వచనాల్లో మూడుసార్లు తలుస్తాడు. గొల్లలకు దూత చెప్పిన ఆనవాలులోనూ అదే ఉంది. తొట్టి అంటే మేత వేసే చోటు. బేత్లెహేము అంటే హెబ్రీలో రొట్టెల ఇల్లు. ఆ ఊళ్లో, ఆ మేత చోట పడుకున్న బిడ్డ యేసే పెద్దయ్యాక "జీవాహారము నేనే" అన్నాడు. ఇదంతా పక్కనపెట్టి మనం క్రిస్మస్‌కు బొమ్మలతో కట్టే పశువుల పాకలో దూది మంచు, ప్లాస్టిక్ జలపాతం పెడుతున్నాం. బాధగా ఉంటుంది.

1223లో ఇటలీలోని గ్రెచ్చో కొండ మీద అస్సీసి పునీత ఫ్రాన్సిస్ ఏం చేశారో చూడండి. క్రిస్మస్ పండుగకు సుమారు 15 రోజుల ముందే జొవాన్ని అనే భక్తుడికి కబురు పెట్టి, తొట్టి, ఎండుగడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద సిద్ధం చేయించారు. మరియమ్మ, జోజప్పల స్వరూపాలు పెట్టలేదు, బాలయేసు బొమ్మా పెట్టలేదు. ఆ తొట్టి మీదే దివ్యబలిపూజ జరిగింది. డీకన్‌గా, అంటే పూజలో గురువుకు తోడుండే సేవకుడిగా, ఫ్రాన్సిస్ సువార్త పాడి, ప్రసంగించారు. బొమ్మ లేని ఆ తొట్టి మీదికి ప్రభువు పూజలో ఆశీర్వదించిన అప్పం (రొట్టె) రూపంలో వచ్చాడు. పాక పుట్టుకలోని మర్మం ఇదే, ఎంత తలచుకున్నా తనివి తీరదు నాయనా!

కాబట్టి పాక కట్టేటప్పుడు తొట్టిని నడిమధ్యన, అందరికీ కనబడేలా పెట్టండి. గుప్పెడు ఎండు వరిగడ్డి చాలు. తడి నాచు పక్కన పెడితే గడ్డి బూజు పడుతుంది. ఎద్దు, గాడిద ముఖాలు తొట్టి వైపే ఉండాలి. అవి లూకాలో లేవు, "ఎద్దు తన కామందు నెరుగును" అన్న యెషయా 1:3 నుంచి వచ్చాయి. సీరియల్ లైట్ల వైరు అతుకులు గడ్డికి తగలనివ్వకండి, అతుకు వేడెక్కితే గడ్డి అంటుకుంటుంది. కొవ్వొత్తి పాక లోపల అసలే వద్దు.

డిసెంబరు మొదట్లోనే బాలయేసును పడుకోబెట్టేస్తే, ఆయన రాకకు ఎదురుచూసే ఆగమన కాలం ఎందుకు? 24 రాత్రి పూజ దాకా తొట్టి ఖాళీగానే ఉండాలి. గొల్లల్ని ఆ తర్వాతే దగ్గరికి తేవాలి. జ్ఞానులు వచ్చింది ఇంటికి (మత్తయి 2:11). వాళ్లను గదిలో దూరంగా నిలబెట్టి, రోజుకు జానెడు జరుపుతూ, జ్ఞానుల రాకను తలుచుకునే సాక్షాత్కార పండుగకు చేర్చండి. పిల్లలకు ఆ పని అప్పగిస్తే ఎదురుచూడడం అదే అలవాటవుతుంది.

గడ్డికి బంగారు రంగు, మెరుపుల పొడి చల్లవద్దు. గ్రెచ్చోలో పూజ అయ్యాక తొట్టిలోని గడ్డిని దాచి, జబ్బుపడిన పశువులకు పెట్టారు. పండుగనాడు ఎద్దులకు, గాడిదలకు మామూలుకంటే ఎక్కువ మేత వేయాలని ఫ్రాన్సిస్ కోరుకునేవారు. పాక విప్పిన రోజు ఆ గుప్పెడు గడ్డిని వీధిలో ఆవుకు పెట్టండి.