నా బుల్లి ఆర్కేడ్ పెట్టె నన్ను చూసి నవ్విన సాయంత్రం

టాబ్లెట్ మీద పాక్‌మాన్ ఆడినవాళ్లకి ఈ బాధ తెలిసే ఉంటుంది. వేలు తెర మీద పెట్టి పైకి జరుపుతాం, అది పైకి వెళ్తుంది కూడా, కాకపోతే అప్పటికే మలుపు దాటిపోయి ఉంటుంది, ఎదురుగా దయ్యం సిద్ధంగా ఉంటుంది. పైగా మన వేలే సగం దారిని కప్పేస్తుంది. నెల రోజులు ఇలా తంటాలు పడితే నేను చేరింది రెండో బోర్డు, అంటే స్ట్రాబెర్రీ పండు కనిపించే దాకా. మూడో బోర్డులో వచ్చే నారింజ ఎలా ఉంటుందో చూసే యోగం కూడా పట్టలేదు.

అందుకే ఒక సెకండ్ హ్యాండ్ బుల్లి క్యాబినెట్ కొన్నాను. అచ్చం పాత ఆర్కేడ్ మెషీన్‌లాగే ఉంటుంది, బల్ల మీద పట్టేంత. స్క్రీన్ ఉండాల్సిన చోట ఖాళీ, అందులో మన టాబ్లెట్ నిలబెట్టాలి. కింద ఒక జాయ్‌స్టిక్, ఎనిమిది బటన్లు. బ్లూటూత్‌తో పనిచేస్తుంది. ఎవరు తయారుచేశారో పేరు ఎందుకులెండి, దాన్ని కాసేపట్లో తిట్టబోతున్నాను.

ఈ రకం పెట్టెల కథ భలే ఉంటుంది. 2010 ఏప్రిల్ 1న థింక్‌గీక్ అనే అమెరికా వెబ్‌సైట్ వాళ్లు జనాన్ని ఫూల్ చేయడానికి ఐకేడ్ అని ఒక ఉత్తుత్తి వస్తువు ప్రకటించారు, ఐప్యాడ్ పెట్టుకునే ఆర్కేడ్ క్యాబినెట్ అని. చూసినవాళ్లు నవ్వి ఊరుకోకుండా నిజంగానే కావాలన్నారు. 2011లో ఐయాన్ అనే కంపెనీ దాన్ని నిజంగానే తయారుచేసింది. నాది ఆ అసలు ఐకేడ్ కాదు, అదే పద్ధతిలో నడిచే ఇంకోటి. ఆ పద్ధతేంటో మొదటే తెలిసుంటే నాకు రెండు సాయంత్రాలు మిగిలేవి.

మొదటి సాయంత్రం జత కలపడంతోనే సరిపోయింది. టాబ్లెట్ తెర మీద ఒక కోడ్ వస్తుంది, దాన్ని క్యాబినెట్ నుంచి కొట్టాలి. క్యాబినెట్‌కి అంకెలెక్కడివి? ఏ బటన్ ఏ అంకో చూపించే నలిగిన కాగితం ఒకటి పెట్టెతో పాటు వచ్చింది కాబట్టి బతికిపోయాను. అయినా మూడుసార్లు తప్పు కొట్టి నాలుగోసారి కుదిరించాను. బ్లూటూత్ జాబితాలో 'కనెక్ట్ అయింది' అని కనపడింది. పక్కన చిన్న కీబోర్డు బొమ్మ. గేమ్ కంట్రోలర్ బొమ్మ కాదు, కీబోర్డు బొమ్మ. అది చూసి కూడా నాకు లైటు వెలగలేదు.

ఆట తెరిచాను, సెట్టింగ్స్‌లో ఐకేడ్ ఆన్ చేశాను, స్టిక్ కదిపాను. ఏమీ లేదు. బటన్లన్నీ నొక్కాను. ఏమీ లేదు. బ్లూటూత్ తీసి మళ్లీ పెట్టాను, బ్యాటరీలు మార్చాను, టాబ్లెట్ రీస్టార్ట్ చేశాను. ఏదీ పనిచేయనప్పుడు అందరం చేసేవే ఇవన్నీ. కనెక్ట్ అయిందనే చూపిస్తోంది, ఆటలో మాత్రం పాక్‌మాన్ ఉలకడు పలకడు. అమ్మినాయన నన్ను ముంచేశాడనుకుని మనసులో నాలుగు అనేసుకుని పడుకున్నాను.

మర్నాడు కీబోర్డు బొమ్మ గుర్తొచ్చింది. కీబోర్డే అయితే ఏదో ఒకటి టైప్ చేయాలి కదా అని నోట్స్ యాప్ తెరిచి ఒక బటన్ నొక్కాను. 'హి' అని పడింది. మళ్లీ నొక్కాను. 'హిహి'. వరసగా కొడితే 'హిహిహిహి'. పక్క బటన్ కొడితే 'దుదుదు', కింది వరసలో ఒకటి కొడితే 'పీపీపీ'. మా అమ్మాయి భుజం మీదుగా చూసి, "నాన్నా, అది నిన్ను చూసి నవ్వుతోంది" అంది. నిజంగానే నవ్వుతోంది.

జరిగిందేంటంటే, బయటి కీబోర్డు కోసం నేను ఎప్పుడో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్, అంటే ఏ మీటకి ఏ తెలుగు అక్షరం పడాలో చెప్పే అమరిక, పెట్టి మర్చిపోయాను. క్యాబినెట్ ఇంగ్లిష్ అక్షరాలు పంపుతోంది, టాబ్లెట్ వాటిని తెలుగులోకి మార్చి ఆటకి అందిస్తోంది. ఆట పాపం 'యు' కోసం చూస్తుంటే దానికి 'హ' వస్తోంది. లేఅవుట్‌ని ఇంగ్లిష్‌కి మార్చాను, అంతే, పాక్‌మాన్ కదిలాడు. అమ్మినాయనకి మనసులోనే క్షమాపణ చెప్పాను.

ఇక్కడ కొంచెం ఆగి ఆ పద్ధతి చెప్పాలి, ఎందుకంటే తర్వాత వచ్చిన తిప్పలన్నీ దీంతోనే అర్థమవుతాయి. ఐప్యాడ్‌కి ఆ రోజుల్లో గేమ్ కంట్రోలర్ అంటే ఏంటో తెలియదు, ఆ సదుపాయం 2013లో ఐఓఎస్ 7తో గానీ రాలేదు. కానీ బ్లూటూత్ కీబోర్డుని మాత్రం ఒప్పుకునేది. అందుకని ఐకేడ్ వాళ్లు క్యాబినెట్‌కి కీబోర్డు వేషం వేశారు. అయితే యాప్‌కి ఏ అక్షరం పడిందో తెలుస్తుంది గానీ ఆ మీటని ఇంకా నొక్కి పట్టుకున్నామా వదిలేశామా అన్నది తెలిసేది కాదు. ఆటలో కావాల్సిందే అది. దానికి వాళ్లు వేసిన ఉపాయం, ప్రతి బటన్‌కీ రెండు అక్షరాలు, నొక్కినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఇంకోటి. స్టిక్ పైకి తోస్తే డబ్ల్యూ పడుతుంది, వదిలితే ఇ. ఎడమకి ఏ, వదిలితే క్యూ. కుడికి డి, వదిలితే సి. కిందికి ఎక్స్, వదిలితే జెడ్. నన్ను వెక్కిరించిన బటన్ నొక్కితే యు, వదిలితే ఎఫ్. ఇన్‌స్క్రిప్ట్‌లో యు అంటే హ, ఎఫ్ అంటే గుడి. రెండూ కలిస్తే 'హి'! ఎవరూ ప్లాన్ చేసి పెట్టింది కాదు, అలా కుదిరిందంతే.

సరే, పాక్‌మాన్ నడుస్తున్నాడు, ఇక పండగే అనుకుని స్పేస్ ఇన్వేడర్స్ తెరిచాను. 1978 నాటి ఆట, తైతో కంపెనీలో తొమోహిరో నిషికాడో చేసింది. ఇందులో మన ఫిరంగి ఎడమకీ కుడికీ తప్ప ఎటూ పోదు, అంత సులువు. అయితే నాది అప్పుడప్పుడూ స్టిక్ వదిలేసినా ఆగకుండా జారుకుంటూ పోయి గోడకి అతుక్కుపోయేది. పాక్‌మాన్‌లో ఈ గోల లేదు కాబట్టి తప్పు ఈ యాప్‌దే అని తీర్మానించేశాను. తీరా చూస్తే పాక్‌మాన్‌లోనూ అదే జరుగుతోంది, నాకే కనపడలేదు. పాక్‌మాన్ మనం స్టిక్ వదిలినా గోడ తగిలేదాకా పరిగెడుతూనే ఉంటాడు కదా, వదిలిన అక్షరం రాకపోయినా తేడా ఎలా తెలుస్తుంది?

మళ్లీ నోట్స్ యాప్‌కే వెళ్లాను. ఈసారి స్టిక్‌ని ఓపిగ్గా కుడికీ ఎడమకీ యాభైసార్లు కొట్టి చూశాను. డిసి, ఏక్యూ, డిసి, ఏక్యూ అని బుద్ధిగా పడుతూ మధ్యలో ఒకచోట డి ఒంటరిగా నిలబడి ఉంది, దాని సి ఏమైందో లేదు. వెనక మూత తీస్తే బ్యాటరీ స్ప్రింగు ఒకటి వదులుగా ఉంది. స్టిక్ గట్టిగా కొట్టినప్పుడల్లా పెట్టె అదిరి క్షణం పాటు కరెంటు తెగుతోందన్నమాట. స్ప్రింగుని కాస్త బయటికి లాగి, మడతపెట్టిన రేకు ముక్క ఒకటి దూర్చాను. తర్వాత వంద కొడితే వందా జంటలుగానే పడ్డాయి. ఇలాంటి పెట్టె మీ దగ్గర ఉంటే, ఆటలో ఏ తేడా వచ్చినా ముందు నోట్స్ తెరిచి చూసుకోండి, ఇంతకంటే మంచి టెస్టు నాకైతే దొరకలేదు.

టాబ్లెట్‌ని నిలబెట్టడం గురించి కూడా ఒక మాట. పాక్‌మాన్, డాంకీ కాంగ్, స్పేస్ ఇన్వేడర్స్ ఇవన్నీ నిలువు తెర ఆటలు, పాక్‌మాన్ తెర 224 చుక్కల వెడల్పు, 288 ఎత్తు. కాబట్టి టాబ్లెట్‌ని నిలువుగా పెడితే బొమ్మ పెద్దగా వస్తుంది, అడ్డంగా పెడితే రెండు పక్కలా నల్ల పట్టీలే. నిలువుగా పెట్టాను. పెట్టాక సౌండ్ దానంతటదే తగ్గిపోవడం మొదలైంది. క్యాబినెట్ అంచు వాల్యూమ్ బటన్‌ని నొక్కుతోంది! రబ్బరు ముక్కలు రెండు కింద పెట్టి టాబ్లెట్‌ని కొంచెం లేపాను, సరిపోయింది.

ఇక అసలు యుద్ధం స్టిక్‌తో. అన్నీ సరిగ్గా పనిచేస్తున్నా పాక్‌మాన్‌లో మలుపులు తప్పుతూనే ఉన్నాయి. టాబ్లెట్ మీద వేలితో ఆడినప్పుడు వచ్చిన స్కోరే వస్తోంది, ఒక్కోసారి అంతకంటే తక్కువ. ఇంత గొడవపడి కొన్నది దీనికా అని చాలా చిరాకేసింది. ఒకసారి నెమ్మదిగా గమనిస్తే తప్పు నా చేతిది కాదు, స్టిక్‌ది. పాత పాక్‌మాన్ మెషీన్‌లో ఉండేది నాలుగు దిక్కుల స్టిక్. దీనిలో ఉన్నది ఎనిమిది దిక్కులది. కుడికి వెళ్తూ పైకి తిప్పాలనుకున్నప్పుడు చెయ్యి కాస్త మూలకి పోతుంది, అప్పుడు డబ్ల్యూ, డి రెండూ పడతాయి. ఆట వాటిలో దేన్నో ఒకదాన్ని తీసుకుంటుంది, అది నాకు కావాల్సింది ఎప్పుడూ కాదు.

స్క్రూలు విప్పి అడుగు తెరిచాను. చూడ్డానికి ఎంత సింపుల్‌గా ఉందో. మధ్యలో స్టిక్ కడ్డీ, చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు చిన్న స్విచ్‌లు, కడ్డీ వంగి వెళ్లి తగిలితే టిక్‌మంటాయి, అంతే. కడ్డీ కొస చుట్టూ నలుచదరపు రంధ్రం ఉన్న ప్లాస్టిక్ పలక ఒకటి బిగించి ఉంది. ఆ చదరం మూలలు సరిగ్గా ఐమూల దిక్కుల్లో ఉన్నాయి, కడ్డీ జారి ఆ మూలల్లోకే పోతోంది, పోయినప్పుడు పక్కపక్క స్విచ్‌లు రెండూ నొక్కుకుంటున్నాయి. మరి ఈ పలకని 45 డిగ్రీలు తిప్పితే? మూలలు పైకీ కిందికీ పక్కలకీ వస్తాయి, ఐమూలకి గోడ అడ్డం వస్తుంది. తిప్పడానికి వీలుగా రెండో జత స్క్రూ రంధ్రాలు కూడా పలకలోనే ఉన్నాయి. అంటే తయారుచేసినవాళ్లకి తెలుసు. కాగితంలో ఒక్క ముక్క రాయొచ్చుగా! ఇందాక తిడతానన్నది దీనికే.

పది నిమిషాల పని. బిగించాక స్టిక్ పైకి తోస్తే గాడిలో పడినట్టు టక్కున పడింది. అప్పటినుంచి ఆట వేరే. పాక్‌మాన్‌లో ఒక చిన్న కిటుకు ఉంది, మలుపు ఇంకా రాకముందే స్టిక్‌ని అటు తిప్పి పట్టుకుంటే అతను మూలని కోసుకుంటూ తిరుగుతాడు, దయ్యాలు అలా కోయలేవు, ప్రతి మలుపులో మనకి కొంచెం దూరం కలిసొస్తుంది. తెర మీద వేలితో నాకిది ఎప్పుడూ కుదరలేదు. స్టిక్‌తో అయితే చెయ్యి దానంతటదే నేర్చుకుంది. గులాబీ దయ్యం పింకీ మన వెంట పడదు, మనం చూస్తున్న వైపు నాలుగు గళ్ల ముందుకి గురి పెడుతుంది. అందుకే దగ్గరికొచ్చినప్పుడు దాని వైపే మొహం తిప్పి ఒక్క అడుగు వేస్తే చాలాసార్లు అదే పక్కకి తప్పుకుంటుంది. ఇది చదివి తెలుసుకోవడం వేరు, నిజంగా ఎదురెళ్లడం వేరు. మొదటిసారి చేసినప్పుడు గుండె దడదడలాడింది.

అన్ని ఆటలకీ ఈ పెట్టె పనికొస్తుందని మాత్రం చెప్పను. 1979 నాటి ఆస్టరాయిడ్స్ అసలు మెషీన్‌కి స్టిక్కే లేదు, ఐదు బటన్లు మాత్రమే. స్టిక్‌తో ఓడ తిప్పుతుంటే నాకు అడ్డదిడ్డంగా పోయేది, ఎడమ చేతి వైపు రెండు బటన్లకి తిప్పడం కేటాయించాకే దారికొచ్చింది. మిస్సైల్ కమాండ్‌కి ట్రాక్‌బాల్ ఉండేది, చేత్తో బంతిని ఒక్క తోపు తోస్తే గురి తెర ఆ చివరికి పోయేది. స్టిక్‌తో అదే గురి నత్తలా పాకుతుంది, ఈలోగా నగరాలన్నీ బూడిద. అది ఆడేటప్పుడు సిగ్గు లేకుండా క్యాబినెట్ లోపలికి చెయ్యి పెట్టి తెరనే తాకుతాను. పలక తిప్పాక ఐమూలగా నడిచే ఆటలు కూడా పోయాయి, నేను ఆడేవి చాలావరకు పాతవే కాబట్టి పట్టించుకోలేదు.

పోయిన ఆదివారం పాక్‌మాన్‌లో యాపిల్ చూశాను, ఐదో బోర్డు. మా అమ్మాయిని కేకేసి పిలిచాను, తనొచ్చేలోపు క్లైడ్ అనే దయ్యం చేతిలో చచ్చిపోయాను. "యాపిల్ ఏది నాన్నా?" అంది. స్కోరు చూపిస్తే నమ్మలేదు.

ఇదంతా టాబ్లెట్‌లోనే రాద్దామని ఇందాక కూర్చుంటే తెర మీద కీబోర్డు ఎంతకీ రాదు. యాప్ మూసి తెరిచాను, రీస్టార్ట్ చేద్దామా అనుకుంటుండగా వెనక్కి తిరిగి చూస్తే, షెల్ఫ్ మీద క్యాబినెట్ లైటు వెలుగుతూనే ఉంది, టాబ్లెట్ ఇంకా దాన్నే కీబోర్డు అనుకుంటోంది.