నాయిన ఓటు, నా లెక్క

2018 మే నెలలో మా ఊరి పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేసి రైతుబంధు పెట్టుబడి సాయం చెక్కులు పంచారు. నర్సంపేట దగ్గర ఊరు మాది. నా పెళ్లయి నెలే అయింది, పుట్టింట్లోనే ఉన్నాను. నాయిన తెల్లచొక్కా వేసుకుని ఎనిమిదింటికే పోయి లైన్లో నిలబడ్డాడు. మాకున్నది ఇరవై గుంటలు, అంటే అరెకరం. పంటకు ఎకరానికి నాలుగు వేల చొప్పున రెండు వేల చెక్కు వచ్చింది.

అదే లైన్లో పటేలు కూడా ఉన్నాడు. హనుమకొండ నుంచి కారులో వచ్చాడు. పన్నెండెకరాలకు నలభై ఎనిమిది వేల చెక్కు. ఆ పన్నెండులో ఐదెకరాలు దున్నేది, విత్తేది, పురుగుమందు కొట్టేది మా నాయిన. కౌలు. కాగితం లేదు, నోటిమాట. పటేలు చెక్కును రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, నాయిన చేతిలో ఒక ఐదొందల నోటు పెట్టి "మందుకట్టలకు ఉంచుకో" అన్నాడు. ఐదొందలకు డీఏపీ అరకట్ట కూడా రాదు. నాయిన నవ్వుతూ తీసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఇంటికొచ్చాక నాయిన చేసిన మొదటి పని, కొత్త పట్టాదారు పాసుపుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచడం. అందులో ఆయన ఫొటో ఉంది. ఇరవై గుంటలే కానీ, ఆ రోజు పటేలు వెనకాల పని చూసుకునే మనిషిగా కాకుండా, పేరు పిలిస్తే లేచి వెళ్లి చెక్కు తీసుకున్న మనిషి ఆయన. ఇది నాకు అప్పుడు తట్టలేదు. నాకు రెండు వేలూ, నలభై ఎనిమిది వేలూ మాత్రమే కనపడ్డాయి.

నేను ఉప్పల్లో ఒక హార్డ్‌వేర్ షాపులో అకౌంట్లు చూస్తాను. రోజంతా అదే పని కాబట్టి ఇంట్లో కూడా లెక్కలు వేసే జబ్బు ఉంది. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు ఊరెళ్లినప్పుడు, డిసెంబర్‌లో ఎన్నికలని ఊరంతా అదే మాట. ఓ రాత్రి అన్నాలయ్యాక పత్తి విత్తనాల బిల్లు వెనక రాసి నాయినకు చూపించాను. ఐదెకరాలకు ఏడాదికి రెండు పంటలకు కలిపి రైతుబంధు నలభై వేలు, పటేలుకు. ఎకరానికి పన్నెండు వేల కౌలు, అరవై వేలు, అదీ పటేలుకే. అంతకుముందు ఏడు కౌలు పదకొండు వేలు. ప్రభుత్వం పెట్టుబడి ఇస్తే కౌలు తగ్గుతుందేమో అనుకున్నాం, వెయ్యి పెరిగింది. ఎండనక వాననక పనిచేసేది మనం. బిల్లు ముందువైపు ఉన్న పది ప్యాకెట్ల విత్తనాలు, ప్యాకెట్ 740, అవి కొన్నది మన డబ్బుతో. పెట్టుబడి సాయం మాత్రం హనుమకొండకు పోతుంది. "కౌలు రైతులకు ఇయ్యం అని ముఖ్యమంత్రే చెప్పిండు కదా నాయినా, మళ్ల కారుకే ఏస్తవా?" అన్నాను. కారంటే అప్పుడు అధికారంలో ఉన్న టీఆర్ఎస్ గుర్తు.

నాయిన బిల్లు తిప్పి చూశాడు. నా లెక్క కాదు, విత్తనాల రేటు. తర్వాత అన్నాడు.

"కౌలు రైతుకిచ్చుడంటే ఎట్లిస్తరు? కాగితం కావాలంటరు. నేను పోయి పటేలును కాగితమడిగితే ఏమైతది? వచ్చే ఏడు భూమి ఇంకొకనికిస్తడు. మనకు నాలుగు వేలు వస్తయి, చేను పోతది. గది లెక్కల రాసినవా?"

నేను రాయలేదు.

ఇది నాయిన ఊహించుకున్న భయం కాదు. మా తాత కూడా కౌలుకే చేశాడు. ఒక పొలంలో రెండేళ్లకు మించి ఆయన్ను ఉండనిచ్చేవారు కాదట, ఎక్కడ పేరు కాగితాల్లోకెక్కుతుందోనని. హైదరాబాద్ రాష్ట్రంలో 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. దాని కింద యాజమాన్య హక్కు ఇచ్చే 38ఈ సర్టిఫికెట్లు చేతికొచ్చి నిజంగా భూమి దక్కించుకున్నవాళ్లు ఉన్నారు. కానీ ఆ చట్టం పేరు చెప్పగానే భూమి ఉన్నవాళ్లు జాగ్రత్తపడటం కూడా అప్పుడే నేర్చుకున్నారు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలు రైతులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. ఏటా దరఖాస్తు పెట్టుకోవాలి. నాయిన ఒక్కసారి కూడా పెట్టలేదు. 2020లో ధరణి పోర్టల్ వచ్చాక భూమి రికార్డుల్లో అనుభవదారు కాలమే లేకుండా పోయింది. దున్నేవాడి పేరు రాసుకోవడానికి ఉన్న ఆ ఒక్క గడి పోయిందని నాకు కోపం. ఆ గడి పోయింది కాబట్టే పటేళ్లు ధైర్యంగా కౌలుకిస్తున్నారని మా చిన్నాయన వాదన. ఇద్దరిలో ఎవరు కరెక్టో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కానీ నాకంటే చిన్నాయనే భూమికి దగ్గరగా ఉన్నాడు.

అమ్మ అప్పటిదాకా మాట్లాడలేదు. గిన్నెలు సర్దుతూ, "రాత్రి కరెంటు యాదికుందా?" అంది.

యాదికుంది. నా చిన్నప్పుడు కరెంటు విడతలుగా వచ్చేది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రాత్రి వంతు వచ్చినప్పుడు నాయిన బ్యాటరీ లైటు, గొంగడి తీసుకుని మిరప చేనుకు పోయేవాడు. మడి నిండేదాకా ఒడ్డు మీదే పడుకునేవాడు. అమ్మ తలుపు గొళ్లెం పెట్టకుండా దగ్గరకు వేసి, తెల్లారి సైకిల్ చప్పుడు వినిపించేదాకా అటూ ఇటూ పొర్లేది. పాము కరిచి పోయినవాళ్లు, తడిచేత్తో స్టార్టర్ ముట్టుకుని పోయినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు మొదలైంది. పటేలు చేనైనా, కౌలు చేనైనా మోటారుకు తేడా తెలియదు. నాయిన రాత్రిపూట ఇంట్లో పడుకోవడం మొదలుపెట్టాడు. దీన్ని ఏ కాలమ్‌లో రాయాలో మా షాపు సాఫ్ట్‌వేర్‌లో కూడా లేదు.

ఇంకో ఎంట్రీ కూడా మర్చిపోయాను, అది నా పేరు మీదే ఉంది. ఏప్రిల్‌లో నా పెళ్లయితే ఆగస్టులో అమ్మ పేరు మీద లక్షా నూట పదహారు రూపాయల కళ్యాణలక్ష్మి చెక్కు వచ్చింది. పెళ్లికి తెచ్చిన అప్పులో పెద్ద ముక్క దానితోనే తీరింది. నానమ్మకు అప్పట్లో నెలకు వెయ్యి పింఛను. ఇవన్నీ కలిపినా పటేలుకు పోయే లక్షకు సమానమవుతాయా అంటే, ఏటేటా చూస్తే కావు. నా వాదన నేను వదల్లేదు. కౌలు రైతును రైతు కాదనడం అన్యాయమే. మా పక్కింటాయనకు గుంట భూమి కూడా లేదు, ఎనిమిదెకరాలు కౌలు. పాసుపుస్తకం లేదు కాబట్టి ఐదు లక్షల రైతుబీమా కూడా లేదు. మా నాయినకు ఇరవై గుంటల పుణ్యాన ఉంది. అదే పురుగు, అదే వాన, అదే అప్పు, ప్రభుత్వం దృష్టిలో మాత్రం ఒకరు రైతు, ఒకరు కాదు. ఆ పక్కింటాయన కూడా కారుకే వేశాడు. ఆయనతో మాట్లాడటానికి నాకు మొహం చెల్లలేదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. డిసెంబర్ 7న నా ఓటు కూడా ఊళ్లోనే. అంత లెక్క వేసి, అంత వాదించి, బూత్‌లోకి వెళ్లి నేనూ కారు గుర్తే నొక్కాను. ఎందుకంటే 2011లో హనుమకొండలో డిగ్రీ చదువుతుండగా సకల జనుల సమ్మె నలభై రెండు రోజులు జరిగింది. రోడ్డు మీద వంట చేసుకుని తిన్నాం, బతుకమ్మ ఆడాం. ఆ బటన్ దగ్గర చెయ్యి పెట్టినప్పుడు ఎకరానికి నాలుగు వేలు గుర్తు రాలేదు, ఆ రోడ్డు గుర్తొచ్చింది. 119లో 88 సీట్లు వచ్చాయి ఆ పార్టీకి. అందులో నా ఓటు కూడా ఉంది, నాయినకు ఇప్పటికీ చెప్పలేదు.

"పేదవాళ్లు తమకు నష్టం చేసే పార్టీకి ఎందుకు ఓటేస్తారు" అని మా షాపులో, మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో తరచూ వింటుంటాను. అడిగేవాళ్లు తాము మాత్రం ఇన్‌కమ్ ట్యాక్స్ స్లాబులు చూసుకుని ఓటేసినట్టు మాట్లాడతారు. ఎవరూ చూసుకోరు. కులం, దేవుడు, కోపం, అభిమానం, ఎవరో మనల్ని చులకన చేశారన్న బాధ, అన్నీ లిఫ్టులో కూడా ఉన్నాయి.

మా షాపులో గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది. వాళ్లమ్మ ఖాతాలో ఐదేళ్లూ వైసీపీ ప్రభుత్వం బటన్ నొక్కిన డబ్బులు పడ్డాయి. 2024లో వాళ్లింట్లో ఎవరూ ఆ పార్టీకి వెయ్యలేదు. ఎందుకని అడిగితే, "మా తాత పాసుపుస్తకం మీద వాళ్ల ఫొటో ఏంటి?" అంది. కొత్త భూహక్కుల చట్టం వల్ల పొలం ఏమవుతుందోనని భయం కూడా. 151 సీట్ల పార్టీ 11కు వచ్చింది. అక్కడ కాగితం వస్తే భయం, ఇక్కడ కాగితం అడగాలంటే భయం. రెండూ భూమి గురించే.

2021 చివర్లో నల్ల తామర పురుగు వచ్చి మా మిరప మొత్తం పోయింది. అప్పటికే రాష్ట్రం కేంద్ర ఫసల్ బీమా నుంచి బయటికొచ్చేసింది, కౌలు మాత్రం కట్టాల్సిందే. ఆ తర్వాత 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ కౌలు రైతులకు కూడా ఏడాదికి ఎకరానికి పదిహేను వేలు ఇస్తామంది. ఈసారైనా నా లెక్క గెలుస్తుందనుకుని నవంబర్ 30 సాయంత్రం ఫోన్ చేశాను. ఎవరికేశావని అడిగితే నాయిన చెప్పలేదు. "ఏసిన" అన్నాడు, అంతే. పదిహేను వేల సంగతి ఎత్తితే నవ్వాడు. "కాగితం ఎవలిస్తరు బిడ్డా?"

ప్రభుత్వం మారింది. 2025 జనవరిలో రైతు భరోసా ఏడాదికి పన్నెండు వేలుగా మొదలైంది, మళ్లీ పట్టాదారుకే. ఆ వార్త చూసి ఆవేశంగా నాయినకు ఫోన్ చేశాను. ఆయన నా మాట పూర్తిగా విననే లేదు, గొంతులో హుషారు.

"పటేలు కౌలు ఎకరానికి ఇంకో వెయ్యి పెంచుత అన్నడే. పొద్దటి సంది కూసోని, కూసోని, ఐదొందలకు ఒప్పించిన."