మిర్చి పైసలు రాగానే ఏ బాకీ ముందు కట్టాలి?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి తూకమై పైసలు చేతిలో పడగానే చాలామంది నేరుగా అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) బాకీ తీరుస్తారు. మళ్లీ వానకాలం పెట్టుబడికి ఆయన దగ్గరికే పోవాలి కాబట్టి. అందులో తప్పేం లేదు. కానీ అడ్తి బాకీ, గిరిగిరి (రోజువారీ వసూలు ఫైనాన్స్), ప్రామిసరీ నోటు మీద తెచ్చిన చేబదులు సిబిల్ రిపోర్టుకు, అంటే కొత్త అప్పు ఇచ్చే ముందు బ్యాంకులు చూసే మన అప్పుల చరిత్రకు, ఎక్కవు. ఎక్కేవి బ్యాంకు పంట రుణం, బండి ఫైనాన్స్, క్రెడిట్ కార్డు, మైక్రోఫైనాన్స్. ఇంకొకరి అప్పుకు జమానతుగా పెట్టిన సంతకం కూడా.

స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఆ అంకె చూసి దిగులుపడే ముందు రిపోర్టు మొత్తం తెప్పించుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. అందులో ప్రతి అప్పు కింద 36 నెలల గడులుంటాయి. 000 అంటే టైముకు కట్టినట్టు. 060 అంటే కిస్తీ గడువు దాటి 60 రోజులైనట్టు. మామూలు అప్పు 90 రోజులు దాటితే మొండి బాకీ. స్వల్పకాలిక పంట రుణానికి మాత్రం లెక్క వేరు, రెండు పంట కాలాలు దాటాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. చేతిలో 1,20,000 ఉంది. బండి కిస్తీ నెలకు 3,800, రెండు తప్పాయి. 50,000 లిమిటున్న కార్డు మీద 38,000 బాకీ. పంట రుణం లక్ష, వడ్డీ 7,000. అడ్తిదారుకు 50,000.

ముందు బండి పాత కిస్తీలు 7,600 కట్టేయండి, మూడో నెల దాటితే మొండి బాకీలో పడుతుంది. తర్వాత కార్డు. దాని వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా పోతుంది, అంటే మన భాషలో నూటికి మూడున్నర రూపాయలు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చినందుకు నెత్తి కొట్టుకునేవాళ్లు కూడా కార్డుకు మినిమమ్ డ్యూ కట్టి ఊరుకుంటారు, విచిత్రం! మొత్తం 38,000 కట్టేస్తే చేతిలో 74,400 మిగులుతుంది.

పంట రుణం వడ్డీ నూటికి 58 పైసలే పడుతుంది. ఏడాది లోపల కడితే మరో 3 శాతం రాయితీ, అంటే 33 పైసలే. అయినా దీన్ని చివరికి నెట్టొద్దు. మాఫీ వస్తుందని ఆగినవాళ్లకు రాయితీ పోయింది, రిపోర్టులో గడువు దాటిన రోజులూ పడ్డాయి. తక్కువ పడే 32,600 కు బంగారం కుదువపెట్టి 1,07,000 కట్టి రెన్యువల్ చేయిస్తే లక్ష మళ్లీ ఖాతాలో పడుతుంది, బంగారం విడిపించుకోవచ్చు. బెడిసేది ఒక్కచోటే: కట్టిన తర్వాత ఫీల్డ్ ఆఫీసర్ లేడనో, పాస్‌బుక్ కావాలనో కొత్త రుణం వారాలు ఆగిపోవడం. అందుకే కాగితాలన్నీ ముందే ఇచ్చి, ఏ రోజు వేస్తారో మేనేజర్‌ను అడిగాకే కట్టండి.

ఆ లక్షలో బంగారం మీద తెచ్చిన 32,600 పోను ఇప్పుడు 67,400 ఉంది. అందులో ఆరు నెలల బండి కిస్తీలు 22,800 ఖాతాలోనే వదిలేయండి. మనకు ఆదాయం పంటకొకసారి, కిస్తీ మాత్రం నెలనెలా. ఖాతాలో పైసలు లేక ఆటో డెబిట్ తిరిగిపోతే బౌన్స్ ఛార్జీ పడటమే కాదు, గడిలో అంకె కూడా పడుతుంది. మిగిలిన 44,600 లో అడ్తిదారుకెంత, విత్తనాలకెంత అన్నది మీ ఇష్టం.

ఇంత కూడా చేతిలో లేనివాళ్లకు సెటిల్‌మెంట్ మాట వస్తుంది. లక్ష బాకీకి 60,000 చాలంటే సంబరపడకండి. రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడుతుంది, కొత్త అప్పుకు పోతే బ్యాంకు అక్కడే ఆగుతుంది. అయినా మొండి బాకీగా వదిలేయడం కన్నా ఇదే మేలు. ఖాతా నంబరు, మొత్తం, గడువు తేదీ రాసిన లెటర్ బ్యాంకు లెటర్‌హెడ్ మీద తీసుకున్నాకే కట్టండి. అదీ లోన్ ఖాతాలోకే, ఏజెంటు ఫోన్ పేకు కాదు. తర్వాత స్తోమత వచ్చినప్పుడు మిగతా 40,000 కట్టి ‘క్లోజ్డ్’గా మార్చమని అడగొచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కోర్టు ఫీజు ఉండదు, ఆ అవార్డు మీద అప్పీలూ ఉండదు. కట్టలేని మొత్తానికి సంతకం పెట్టి రావద్దు.

ఇక ఐపీ, అంటే దివాలా పిటిషన్. 2016 దివాలా చట్టంలో వ్యక్తులకు సంబంధించిన భాగం కంపెనీలకు గ్యారంటీ ఇచ్చినవాళ్లకు తప్ప ఇంకా అమల్లోకి రాలేదు. రైతులు, చిన్న దుకాణాలవాళ్లు వేసేది 1920 నాటి చట్టం కిందే. ఐపీ వేయగానే అప్పు పోయినట్టు కాదు. కోర్టు దివాలాగా ప్రకటిస్తే ఆస్తి కోర్టు చేతికి పోతుంది. డిశ్చార్జికి, అంటే అప్పుల నుంచి విముక్తికి, అడగమని కోర్టు గడువు పెడుతుంది, అది దాటితే ఆ ప్రకటనే రద్దవుతుంది. తాకట్టు పెట్టించుకున్న బ్యాంకు తాకట్టు మీదికి రావడం ఆగదు. మీకు డిశ్చార్జి వచ్చినా జమానతు పెట్టిన బావమరిది బయటపడడు.

ఎక్కడా కొత్తగా అప్పు పుట్టనప్పుడు 20,000 ఎఫ్‌డీ మీద కార్డు అడగండి. లిమిట్ 18,000 వస్తే నెలకు 5,000 లోపే వాడి, బిల్లు మొత్తం గడువులోపే కట్టాలి. పెట్రోలు, రీఛార్జి చాలు. అదే టైములో నాలుగు లోన్ యాప్‌లలో అప్లై చేస్తే చేసినన్ని ఎంక్వైరీలు పడి స్కోరు ఇంకా దిగుతుంది.

2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకు వివరాలు పంపాలి. కట్టి నెల దాటినా బాకీ చూపిస్తే బ్యూరో వెబ్‌సైట్‌లో డిస్ప్యూట్ (తప్పు దిద్దమనే ఫిర్యాదు) వేయండి, రుసుము లేదు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. అదీ ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు 14448 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు ఎలా పెట్టాలో అడగండి. కట్టిన రసీదు, నో డ్యూస్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి.