చెప్పకుండా దాటేసిన ముక్క

అంబులెన్స్‌లో పనిచేసేవాళ్లకి కథలు చెప్పడం ఎవరూ నేర్పక్కర్లేదు. షిఫ్ట్ మారే వేళ నలుగురం చేరితే చాలు, ఎవరో ఒకరు అందుకుంటారు. లిఫ్ట్ మధ్యలో ఆగిపోతే అందులోనే కాన్పు చేసిన సంగతి, స్ట్రెచర్ మీద పడుకుని డ్రైవర్‌కి దారి చెప్పిన తాగుబోతు సంగతి. మా యూనిట్‌లో కథలు బాగా చెప్తాడని నాకు పేరు. అందుకే నాకు పీటీఎస్‌డీ, అంటే ఘోరం ఎదురైనవాళ్ల మనసుని తర్వాత కూడా వదలని జబ్బు, అని డాక్టర్ తేల్చినప్పుడు మావాళ్లెవరూ నమ్మలేదు. ఇంత వాగేవాడి కడుపులో ఏం దాగుంటుందిలే అనుకున్నారు. నిజం చెప్పాలంటే నాకూ నమ్మబుద్ధి కాలేదు.

జబ్బు ముందు ఛాతీలో తెలిసింది. కన్ను అంటుకున్న కాసేపటికే గుండె దడదడలాడుతూ మెలకువ వచ్చేది. ఒళ్లంతా చెమట, వేళ్లు తిమ్మిర్లు. రోజూ పక్కవాళ్లకి ఈసీజీ తీసే మనిషిని కాబట్టి నా అనుమానం గుండె మీదికే పోయింది. కార్డియాలజిస్టు ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ చేయించారు. అన్నీ నార్మల్. థైరాయిడ్ చూపించాను, అదీ నార్మలే. "టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు. టెన్షన్ అంటే ఏమిటో నాకు తెలుసు, ఇది అది కాదనీ తెలుసు. ఎందుకంటే డ్యూటీలో ఉన్నంతసేపూ నేను బాగానే ఉండేవాణ్ణి. ఇంట్లో తలుపు గట్టిగా వేస్తే మాత్రం గోడకి అతుక్కుపోయేవాణ్ణి.

తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎక్కడికెళ్లినా తలుపు కనిపించే కుర్చీలోనే కూర్చోవడం. ఒక ఫ్లైఓవర్ తప్పించుకోవడానికి చుట్టూ తిరిగి వెళ్లడం. డీజిల్ వాసన తగిలితే నోరు ఎండిపోవడం. ఇంట్లో పిల్లలు నవ్వుతుంటే నాకు నవ్వు రాకపోవడం. ఈ చివరిది మా ఆవిడ పట్టుకుంది. "నువ్వు ఇక్కడ ఉన్నావు గానీ ఇక్కడ లేవు" అంది. సైకియాట్రిస్టు దగ్గరికి అపాయింట్‌మెంట్ తీసుకున్నదీ తనే.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలన్నీ నేను ఊహించినవే, ఒక్కటి తప్ప. "మీరు ఎవరికీ చెప్పని కేసు ఏది?" అన్నారు. అలాంటిది ఏమీ లేదన్నాను. "సరే, అందరికీ చెప్తూ మధ్యలో ఏదైనా ముక్క దాటేసే కేసు ఉందా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. అంటే ఉందన్నమాట.

అది బస్సు ప్రమాదం. ఫ్లైఓవర్ మీద. దాని గురించి షిఫ్ట్ రూమ్‌లో ఎన్నోసార్లు చెప్పాను. ముందు మేమే చేరుకున్నాం, ఇద్దరమే ఉన్నాం, బాధితులు చాలామంది. అలాంటప్పుడు చేసే పని ట్రయాజ్, అంటే ఎవరిని ముందు చూడాలో తేల్చడం. మేం వాడేది 'స్టార్ట్' పద్ధతి. 1983లో కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో అక్కడి ఫైర్ విభాగం, హోగ్ ఆసుపత్రి కలిసి తయారుచేసింది. నడవగలిగినవాళ్లందరినీ ఒక పక్కకి పిలవాలి, వాళ్లకి ఆకుపచ్చ ట్యాగ్. మిగిలినవాళ్లలో ముందు ఊపిరి చూడాలి. నిమిషానికి 30 సార్లు దాటి పీలుస్తుంటే ఎరుపు, అంటే ముందు వీళ్లనే చూడాలి. అసలు ఊపిరే లేకపోతే తల సవరించి శ్వాసనాళం తెరవాలి. అప్పుడు ఊపిరి వస్తే ఎరుపు, రాకపోతే నలుపు, అంటే ఇక ఆశ లేనట్టు. నలుపు కట్టాక అక్కడ ఆగకూడదు. ఛాతీ నొక్కి గుండెని ఆడించే సీపీఆర్ చెయ్యకూడదు. పక్కనున్న మనిషి దగ్గరికి వెళ్లిపోవాలి. ఒక్కో మనిషికి అర నిమిషం లోపే.

నేను చెప్పే కథలో ఇదంతా ఉండేది. డ్రైవర్ ఎలా పరిగెత్తాడో, ఫైర్ వాళ్లు కటర్‌తో సీట్లు ఎలా కోశారో అంతా ఉండేది. ఒక్క నల్ల ట్యాగ్ మాత్రం ఉండేది కాదు. కుర్రాడు. తల సవరించాను, ఊపిరి రాలేదు. ట్యాగ్ కట్టబోతే ఎడమ మణికట్టు మీద బాల్‌పెన్‌తో రాసుకున్న ఫోన్ నంబరు ఉంది. ఎలాస్టిక్ దాని మీద పడకుండా కాస్త పైకి జరిపి కట్టాను. అర నిమిషంలో అంత ఆలోచన ఎలా వచ్చిందో తెలీదు. ఆ నంబరు చివరి నాలుగు అంకెలు నా తలలోంచి పోలేదు. రాత్రి మెలకువ వచ్చేది వాటితోనే.

ఆ తర్వాత జరిగిన విచారణలో ట్యాగులన్నీ సరిగ్గానే వేశామని తేలింది. అది నాకు ఊరట కాలేదు. తప్పు చేసినవాడికి పశ్చాత్తాపపడే దారి ఉంటుంది, సరిగ్గా చేసినవాడు ఎటు పోవాలి? వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ఏళ్ల తరబడి వైద్యం చేసిన జొనాథన్ షే అనే సైకియాట్రిస్టు ఇలాంటి దెబ్బలనే 'మోరల్ ఇంజురీ', అంటే అంతరాత్మకి తగిలే గాయం, అన్నారని డాక్టరమ్మ చెప్పారు. ఆయన ముఖ్యంగా పట్టించుకున్నది పైవాళ్లు చేసే ద్రోహాన్ని, నాది ఆ కోవకి చెందదు. కానీ భయానికి ఇచ్చే వైద్యం ఒక్కటే ఇక్కడ సరిపోదన్న మాట నాకు బాగా ఎక్కింది.

వైద్యం సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అందరికీ ఒకేలా ఉండదు. నాకు సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మందు రాశారు. మొదట్లో కడుపులో తిప్పింది, పనిచేస్తోందని అనిపించడానికి వారాలు పట్టింది. నిద్రకి ఆల్‌ప్రజోలం లాంటి మత్తుమాత ఇమ్మని బతిమాలాను, ఇవ్వలేదు. ఈ జబ్బుకి ఆ రకం మందులు వద్దని వైద్య మార్గదర్శకాలే చెప్తున్నాయట. అప్పుడు కోపం వచ్చింది గానీ ఇప్పుడు ఆవిడకి దండం పెడతాను.

అసలు కష్టం సైకాలజిస్టు దగ్గర. 'ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్' అంటారు, ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్టు రూపొందించిన పద్ధతి. సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి గంటన్నర దాకా. కళ్లు మూసుకుని జరిగినదాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి. రికార్డ్ చేసి ఇస్తారు, ఇంటికెళ్లి రోజూ వినాలి. తేదీ వేయని ఉత్తరంలా ఆ జ్ఞాపకం ఎప్పుడు విప్పినా ఈరోజుదే అనిపిస్తుందనీ, చెప్పగా చెప్పగా అది పాతదని మెదడుకి తెలిసొస్తుందనీ మా సైకాలజిస్టు వివరించారు. దాంతోపాటు డీజిల్ వాసన దగ్గర నిలబడటం, ఫ్లైఓవర్ ఎక్కడం. మొదట్లో రోగం ఎక్కువైంది, దాచేదేం లేదు. పీడకలలు రెట్టింపయ్యాయి. మానేద్దామనుకునే రోజుల్లోనే ఆయన, "మీలాంటివాళ్లు కూర్చునే చోటు ఒకటుంది, వెళ్లి రండి" అన్నారు.

అక్కడ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. మాజీ సైనికులు, ఫైర్ సర్వీస్ వాళ్లు, పోలీసులు, మాలాంటి అంబులెన్స్ వాళ్లు. యుద్ధం చూసినవాళ్ల ముందు నా బస్సు ప్రమాదం ఏపాటిది అని చివరి కుర్చీలో కూర్చున్నాను. నడిపేది రిటైరైన మిలిటరీ ఆయన, అందరూ అన్న అంటారు. నా మొహం చూసి, "ఇక్కడ తూకం వెయ్యడం లేదు తమ్ముడూ, కాస్త ముందుకొచ్చి కూర్చో" అన్నాడు.

ఈ గుంపులకి పెద్ద చరిత్రే ఉందని అన్న దగ్గరే విన్నాను. 1970లో న్యూయార్క్‌లో వియత్నాం నుంచి వచ్చిన సైనికులు తమలో తామే కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ర్యాప్ గ్రూపులు అనేవారు. రాబర్ట్ లిఫ్టన్, ఖైమ్ షాటన్ అనే సైకియాట్రిస్టులు వాళ్ల పక్కన కూర్చుని విన్నారు. తర్వాత జబ్బుకి అధికారికంగా ఒక పేరు కావాలని పోరాడినవాళ్లలో వీళ్లున్నారు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి మానసిక జబ్బుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-3లో పీటీఎస్‌డీ చేరింది. అంటే మాటలు ముందు పుట్టాయి, రోగనిర్ధారణ వాటి వెనకాల వచ్చింది.

ఇక్కడా కథలే. ఇక్కడా నవ్వులే. తేడా ఎక్కడంటే, నవ్వు సద్దుమణిగాక అన్న ఒక మాట అంటాడు: "బాగుంది. ఇప్పుడు దాటేసిన ముక్క చెప్పు." ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. కొందరు నెలల తరబడి చెప్పలేదు. పద్ధతులు కొన్ని ఉన్నాయి. రక్తం, గాయాల వివరాలు వినేవాళ్లకి అవసరమైతేనే. "పోనీలే, నువ్వైనా బతికావు" అనే మాట నిషిద్ధం. అడగనిదే సలహా ఇవ్వకూడదు. తాగి వచ్చినవాణ్ణి తిట్టరు, కూర్చోనివ్వరు, మళ్లీ రమ్మని ఇంటికి చేరుస్తారు. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఆ మాటని కుర్చీల మధ్య ఉంచుకోరు, ఇద్దరు తోడు వెళ్లి అదే రోజు డాక్టర్ దగ్గర కూర్చోబెడతారు. అందరూ మంచివాళ్లే అని చెప్పను. నా కథే పెద్దదని గంటసేపు ఊదరగొట్టేవాళ్లు ఉంటారు. ఫైర్ ఆయన ఒకాయన ఏ విషయం మొదలైనా క్యాన్సర్ పరీక్షల దగ్గరికి తెస్తాడు. 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అగ్నిమాపక వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టిందని ప్రతిసారీ గుర్తుచేస్తాడు. మసి పట్టిన సూట్లు ఇంటికి తీసుకెళ్లొద్దని పోరు. విసుగు పుడుతుంది గానీ ఆయన చెప్పేది నిజమే.

నన్ను మార్చింది మాత్రం కంట్రోల్ రూమ్ అమ్మాయి. ఎమర్జెన్సీ కాల్స్ తీసుకునే ఉద్యోగం. చాలాకాలం నోరు విప్పలేదు. ఒకరోజు, "మీరంతా కళ్లారా చూశారు. నేను ఏసీ గదిలో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చునేదాన్ని. నేనిక్కడ ఉండొచ్చా?" అంది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5, ఉద్యోగంలో భాగంగా ఘోరమైన వివరాలను మళ్లీ మళ్లీ ఎదుర్కొనేవాళ్లని కూడా ఈ జబ్బు పరిధిలోకి తెచ్చిందని అన్న చెప్పాడు. ఆమెకి కావలసింది అది కాదు. ఆమె బాధ వేరు. ఫోన్‌లోనే సీపీఆర్ చేయిస్తుంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి కాబట్టి అవతలివాళ్లతో కలిసి లెక్కపెడుతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంబులెన్స్ రాగానే లైన్ కట్ అవుతుంది. తర్వాతేమైందో ఎవరూ చెప్పరు. మరో కాల్ వస్తుంది.

నా వైపు తిరిగి అడిగింది. "అన్నా, మీరు లోపలికి వెళ్లేసరికి వాళ్లు ఏం చేస్తుంటారు?"

ఇన్నేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న. ఒక్క క్షణం ఆలోచించి చెప్పాను. "ఆపరమ్మా. మేం వచ్చామన్నా ఆపరు. చేతులు పట్టుకుని పక్కకి తియ్యాలి. తీశాక కూడా లెక్కపెడుతూనే ఉంటారు. ఫోన్ కింద పడి ఉంటుంది, నోట్లో లెక్క మాత్రం నడుస్తూనే ఉంటుంది." ఆ లెక్క ఎవరిదో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆమె చాలాసేపు ఏడ్చింది. పక్కనున్న పోలీసావిడ ఏమీ అనకుండా ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. వెళ్లేటప్పుడు, "అయితే వాళ్లకి వినపడిందన్నమాట" అంది.

ఆ తర్వాతి వారం నా ముక్క చెప్పాను. ఫోన్ నంబరు సంగతి. సరిగ్గానే చేశావని ఎవరూ అనలేదు, అంటే లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఫైర్ ఆయన, "ఏ చెయ్యి?" అన్నాడు. ఎడమ అన్నాను. "ఇంకు ఏ రంగు?" నీలం. "చెరిగిపోలేదా?" లేదు. అన్న అడిగాడు, "తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లావు?" ఒక పెద్దావిడ. కాలి దగ్గర రక్తం ధారకడుతోంది, రక్తం ఆపే పట్టీ, టోర్నికే, బిగించి ఎర్ర ట్యాగ్ వేశాను. ఆవిడ బతికింది. ఈ రెండు సంగతులూ ఒకదాని వెంట ఒకటి నా నోట రావడం అదే మొదలు. మర్నాడు సైకాలజిస్టు దగ్గర చేసిన రికార్డింగ్‌లో ట్యాగ్ దగ్గర నా గొంతు ఆగలేదని ఆయనే గుర్తుపట్టారు.

ఇప్పుడు నిద్ర పడుతుంది. మందు డాక్టర్ చెప్పినట్టు వాడుతున్నాను, మోతాదు తగ్గించే ఆలోచన ఆవిడదే. ఫ్లైఓవర్ మీదుగానే డ్యూటీకి వెళ్తున్నాను. నాలుగు అంకెలు పోలేదు, కానీ వాటితో మెలకువ రావడం లేదు. డీజిల్ వాసన ఇంకా నచ్చదు, అది చాలామందికి నచ్చదు కాబట్టి వదిలేశాను.

మిగిలింది ఆఫీసుతో పేచీ. నా విషయం తెలిశాక పెద్దలు ఒక ఏర్పాటు చేశారు. పెద్ద ప్రమాదం జరిగిన వెంటనే సిబ్బందినంతా ఒక గదిలో కూర్చోబెట్టి, జరిగింది ఒక్కొక్కరూ చెప్పాలన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ జరిగింది చెప్పించడానికి ఒక్కసారి కూర్చోబెట్టే డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని ఆపుతుందనడానికి ఆధారం లేదనీ, నిర్బంధంగా చెయ్యడం మానాలనీ, వైద్య పరిశోధనలని కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష 2002లోనే చెప్పింది. ఇష్టమున్నవాళ్లు రావాలి, తమకి నచ్చినప్పుడు రావాలి, నడిపేవాళ్లు ఆ పని చేసినవాళ్లై ఉండాలని మేం నలుగురం సంతకాలు పెట్టి రాశాం. హాజరు తప్పనిసరి అని జవాబొచ్చింది. మళ్లీ రాశాం. ఈసారి ఇంకోటి కూడా అడిగాం, పిలవాల్సినవాళ్ల జాబితాలో కంట్రోల్ రూమ్ వాళ్లని చేర్చమని. అందులో వాళ్ల పేర్లు అసలు లేవు.