ఛార్జర్ పెడితే ఆడే పాయింటర్

నవంబర్ 19, రాత్రి.

రేపటితో నెలవారీ జీఎస్‌టీ రిటర్ను, అంటే జీఎస్‌టీఆర్-3బి, గడువు ముగుస్తుంది. అంబాజీపేట కొబ్బరి వ్యాపారులు కొందరి పద్దులు నేను చూస్తున్నందువల్ల, ప్రతి నెలా 20వ తేదీకి ముందు రోజు ఈ ఇంట్లో వంట కూడా నా రిటర్నుల తీరికను బట్టే సాగుతుంది. సరిగ్గా ఈరోజే ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌కు తిక్క పుట్టింది. వేలు ఆనించి కదపకుండా ఉంచినా పాయింటర్ సన్నగా వణుకుతూనే ఉంది. కదిపితే అనుకున్న గడిని దాటి పక్కకు దూకుతోంది. నేను నొక్కకుండానే నొక్కినట్టు లెక్కవేసుకుని మెనూలు తెరుస్తోంది. ఒక వ్యాపారి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనుగోళ్ళ మీద ముందే కట్టిన పన్ను లెక్క, సరిచూస్తున్న సమయంలో ఎక్సెల్‌లోని ఒక వరుస మొత్తాన్ని పట్టుకువెళ్ళి ఎక్కడో కింద పడేసింది. అంకెలతో పనిచేసేవారికి ఇంతకంటే భయం పుట్టించే జబ్బు లేదు, ఎందుకంటే పూర్తిగా చచ్చిన టచ్‌ప్యాడ్ ఎవరినీ మోసగించదు, వణికే టచ్‌ప్యాడ్ మాత్రం లెక్క మార్చేసి ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది.

భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా తోడికోడలి కొడుక్కి ఫోన్ చేస్తే, నేను లక్షణాలు చెప్పడం పూర్తికాకముందే, "డ్రైవర్ పాడైపోయుంటుంది పిన్నీ, తీసేసి మళ్ళీ వేసెయ్" అన్నాడు. పరికరం మాట విండోస్‌కూ, విండోస్ మాట పరికరానికీ చేరవేసే దుబాసీ వంటిది డ్రైవర్. మాట తేడా వచ్చిన ప్రతిసారీ ముందుగా దుబాసీ మీద అనుమానం రావడం సహజమే. కానీ గడువు ముంగిట్లో, ఏ పాపం చేసిందో తెలియని డ్రైవర్‌ను ఊడబీకడానికి నాకు మనసొప్పలేదు. ముందు యూఎస్‌బీ మౌస్ తగిలించుకున్నాను. అది నిబ్బరంగా నడిచింది, కాబట్టి తెర మీద పాయింటర్‌ను నడిపే ఏర్పాటులో లోపం లేదనీ, వచ్చిన చిక్కు టచ్‌ప్యాడ్ దారిలోనే ఎక్కడో ఉందనీ తేలింది.

ఆ మౌస్‌తోనే, కంప్యూటర్‌లోని పరికరాల జాబితా చూపే డివైజ్ మేనేజర్ తెరిచాను. డ్రైవర్‌కు నిజంగా జబ్బు చేస్తే అక్కడ పసుపు త్రికోణం కనిపిస్తుంది, దాని లోపలికి వెళితే ఒక కోడ్ ఉంటుంది: డ్రైవరే లేకపోతే 28, పరికరం మొదలు కాలేకపోతే 10, తనకు ఏదో అయిందని పరికరమే చెప్పినందువల్ల విండోస్ దానిని ఆపివేస్తే 43. నా టచ్‌ప్యాడ్ దగ్గర త్రికోణమూ లేదు, కోడూ లేదు, పరికరం సక్రమంగా పనిచేస్తోందన్న వాక్యం మాత్రం ఉంది. ఆ తెరను ఫొటో తీసి పంపితే, డ్రైవర్ తేదీ 21-06-2006 అని ఉండడం చూసి అబ్బాయి ఎగిరి గంతేశాడు. దాదాపు ఇరవై ఏళ్ళ నాటి డ్రైవర్ పెట్టుకుని ఏం పనిచేస్తావు అన్నాడు. విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ సొంత డ్రైవర్లకు కావాలనే ఆ పాత తేదీ వేస్తారు. ఒకే పరికరానికి రెండు డ్రైవర్లు సమానంగా సరిపోయినప్పుడు విండోస్ కొత్త తేదీ ఉన్నదానిని ఎంచుకుంటుంది. విండోస్ డ్రైవర్లకు ఎప్పటికప్పుడు కొత్త తేదీ వేస్తూ పోతే, ల్యాప్‌టాప్ తయారుచేసినవారు ప్రత్యేకంగా ఇచ్చిన డ్రైవర్‌ను అవి వెనక్కి నెట్టేస్తాయి. కనుక ఆ 2006ను చూసి కంగారుపడనక్కరలేదు. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోవడమే కారణమని వాడు తరువాత ఇంకో వాదం తెచ్చాడు. మద్దతు ఆగితే భద్రతా సవరణలు రావడం ఆగుతుంది తప్ప, నిన్నటి దాకా పనిచేసిన డ్రైవర్ ఆ కారణంగా వణకడం మొదలుపెట్టదు.

వాడి నోరు మూయించినది వేరొక పరీక్ష. ల్యాప్‌టాప్‌ను మళ్ళీ మొదలుపెడుతూ ఎఫ్2 నొక్కి బయోస్ తెరలోకి వెళ్ళాను. నా ల్యాప్‌టాప్‌లో ఆ తెర మీద కూడా టచ్‌ప్యాడ్ పనిచేస్తుంది. అక్కడ విండోస్ ఇంకా మేలుకోదు, కాబట్టి విండోస్ డ్రైవర్ ఊసే ఉండదు. అక్కడా పాయింటర్ అలాగే ఆడింది. ఏ సెట్టింగూ మారకుండా జాగ్రత్తగా బయటకు వచ్చాను. తప్పు డ్రైవర్‌ది కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే సాక్ష్యం మరొకటి దొరకదు, అయినా చాలా మంది ఈ ఒక్క నిమిషం పని చేయకుండానే విండోస్ మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కించుకుంటారు.

ఇక మిగిలింది వస్తువు. టచ్‌ప్యాడ్ కింద ఉండే బ్యాటరీ ఉబ్బితే అది పైకి నెట్టడం వల్ల కూడా ఇటువంటి వేషాలు వస్తాయి. ల్యాప్‌టాప్‌ను గచ్చు మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కి చూశాను. ఎక్కడా ఊగలేదు, టచ్‌ప్యాడ్ అంచులు చుట్టూ సమంగానే ఉన్నాయి, మూత పూర్తిగా మూసుకుంటోంది. ఇది చూడడానికి ఛార్జర్ పీకి, కింద నుంచి తీసి మళ్ళీ బల్ల మీద పెట్టి, అలవాటు కొద్దీ టచ్‌ప్యాడ్ మీద వేలు వేస్తే పాయింటర్ బుద్ధిగా నడిచింది. ఛార్జర్ పెట్టాను, వణికింది. పీకాను, నిలిచింది. ఛార్జర్ అలాగే ఉంచి, రెండో చేత్తో కొళాయి ఇనుప గొట్టం పట్టుకున్నాను, అప్పుడూ నిలిచింది.

టచ్‌ప్యాడ్ నొక్కుడును కొలవదు. వేలు దగ్గరకు వచ్చినప్పుడు దాని కింది తీగల మధ్య విద్యుత్తును పట్టి ఉంచే శక్తిలో కలిగే అతి చిన్న మార్పును కొలుస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్లలో విద్యుత్తు రొదను వడపోయడానికి వై-కెపాసిటర్లనే చిన్న భాగాలు ఉంటాయి, వాటి గుండా అతి కొద్ది కరెంటు ఎర్తు పిన్నులోకి పోవడం ఆ ఛార్జర్ నిర్మాణంలో భాగమే. ప్లగ్గులో ఎర్తు ఉన్నంత కాలం అది నేలలో కలిసిపోతుంది, ఎర్తు లేకపోతే దానికి పోయే దారి ఉండదు. అప్పుడు ల్యాప్‌టాప్ లోహపు ఒళ్ళు ఫేజుకూ న్యూట్రలుకూ నడుమ, అంటే మన 230 వోల్టులలో సగానికి దగ్గరగా, వేలాడుతూ ఉంటుంది. ఆ కరెంటు మిల్లీఆంపియర్‌లో కొంత భాగం మాత్రమే కాబట్టి మనిషికి గట్టి దెబ్బ తగలదు, కానీ అంత సున్నితమైన కొలత తీసుకునే టచ్‌ప్యాడ్‌కు ఆ రొదే చాలు. చేతి వేళ్ళ వెనక వైపుతో మూతను మెల్లగా రాస్తే గరుకుగా, జుమ్మంటున్నట్టుగా తగిలింది.

జుమ్మనడం అన్న మాట ఈ ఇంట్లో కొన్నాళ్ళుగా వినిపిస్తూనే ఉంది. కార్తీక మాసం కావడంతో అత్తయ్య తెల్లవారకుండానే కాలువ స్నానానికి వెళ్ళి, తడి పాదాలతో వంటింట్లోకి వచ్చి పాల కోసం ఫ్రిజ్ తలుపు పట్టుకుంటారు. పట్టుకున్నప్పుడల్లా చెయ్యి జుమ్మంటోందని చెబుతున్నారు. మా ఆయన దానిని నరాల బలహీనత ఖాతాలో వేసి బి-కాంప్లెక్స్ మాత్రలు తెచ్చిపెట్టారు. ఫ్రిజ్, ల్యాప్‌టాప్ రెండూ ఒకే పాట పాడుతున్నాయంటే తేడా ఈ రెండింటిలోనూ లేదు. అయినా ఎక్స్‌టెన్షన్ బాక్సును తప్పించి ఛార్జర్‌ను నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి చూశాను, మార్పు లేదు. ల్యాప్‌టాప్‌నూ అదే ఛార్జర్‌నూ పక్కింటికి తీసుకువెళ్ళి పెడితే పాయింటర్ వణకలేదు.

ఎలక్ట్రీషియన్ అల్లవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ల పని ముగించుకుని పొద్దు వాలాక వచ్చాడు. మా ఆయన మల్టీమీటర్ తీసి, ఫేజుకూ ఎర్తుకూ మధ్య నూటికి పైగా వోల్టులు చూపిస్తోంది కాబట్టి ఎర్తు కొంతైనా ఉన్నట్టే కదా అన్నారు. అతను ఏమీ అనకుండా సంచిలోంచి రెండు తీగలు వేలాడుతున్న బల్బు హోల్డరు తీశాడు. ఫేజుకూ న్యూట్రలుకూ పెడితే బల్బు వెలిగింది, ఫేజుకూ ఎర్తుకూ పెడితే కనీసం ఎర్రబడలేదు. మీటరు కరెంటు దాదాపుగా లాగదు కాబట్టి ఎక్కడికీ తగలని తీగలో కూడా వోల్టులు ఉన్నట్టు చూపిస్తుంది, బల్బుకు వెలగాలంటే నిజంగా దారి ఉండాలి. "చెరువు దగ్గరైతే ఎర్తు పోతే మనిషే పోతాడండీ. ఇల్లు కాబట్టి జుమ్మని సరిపెట్టింది," అన్నాడు.

పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో, అరటి పిలకల కింద కనబడకుండా పోయిన ఎర్తు గుంటను పలుగుతో తవ్వాడు. పైన మట్టి తీయగానే ఇనుప పైపు తల బయటపడింది. పైపు బాగానే ఉంది. దానికి తీగను బిగించిన బోల్టు చుట్టూ తుప్పు పొరలు పొరలుగా లేచి, చేత్తో ముడితే అప్పడం ముక్కల్లా రాలింది. లావుగా ఉండవలసిన జీఐ తీగ, అంటే జింకు పూత వేసిన ఇనుప తీగ, అక్కడికి వచ్చేసరికి సూదిలా సన్నబడి, అతను పట్టుకోగానే విరిగి చేతిలోకి వచ్చింది. మెట్ట ప్రాంతాలలో ఎండాకాలం ఎర్తు గుంట ఎండిపోకుండా నీళ్ళు పోయాలంటారు. మా కోనసీమలో కాస్త తవ్వితే నీరు ఊరుతుంది, ఇక్కడ తేమకు కరువు లేదు. ఇక్కడి శత్రువు తుప్పు. గుంటలో బొగ్గుతో పాటు పోసే ఉప్పు నేల గుండా కరెంటు సులువుగా పోయేటట్టు చేస్తుంది కానీ ఆ ఉప్పే ఇనుమును తింటుంది. కట్టిన నాడు వేసిన ఎర్తును ఎవరూ మళ్ళీ తవ్వి చూడరు, చూడాలని కూడా తోచదు, ఎందుకంటే ఎర్తు లేకపోయినా దీపాలు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి.

తుప్పు పట్టినంత మేర కోసేసి, పైపు తలను గీకి, కొత్త క్లాంపుతో తీగను తాత్కాలికంగా బిగించాడు. బల్బు ఈసారి ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా నిండుగా వెలిగింది. ఛార్జర్ పెట్టి కూర్చున్నాను, పాయింటర్ ఎక్కడ ఉంచితే అక్కడ ఉంది, డ్రైవర్ తేదీ ఇప్పటికీ 2006గానే ఉంది. చెదిరిపోయిన వరుసను వెతికి దాని చోట పెట్టి, పోర్టల్‌లోని అంకెలతో మళ్ళీ మొదటి నుంచి సరిచూసుకుని, రిటర్నులు వేయడం మొదలుపెట్టేసరికి తొమ్మిది దాటింది. ఒక వ్యాపారి ఓటీపీ చెప్పకుండా పడుకున్నారు, అది రేపు పొద్దున్నే చేయాలి.

ఆదివారం కొత్త పైపు దింపి, గుంటలో ఉప్పుకు బదులు బెంటోనైట్ అనే బంకమట్టి పొడి వాడతాననీ, మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించుకోమనీ ఎలక్ట్రీషియన్ చెప్పాడు. పోయే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ మధ్య అంత తేడా వచ్చిన వెంటనే అది లైను కట్టేస్తుంది. అదెంత అవుతుందని మా ఆయన బేరం మొదలుపెట్టారు. మాత్రల ఖర్చు తగ్గుతుంది కదరా, పెట్టించు, అన్నారు అత్తయ్య.